మూగవాళ్ల సినిమా

2023. ఉత్తర మద్రాసు తిరువొత్తియూరులో ఒక పాత థియేటర్. నేను సినిమాలకు పీఆర్వోని, అంటే పత్రికల్లో వార్తలు వేయించి జనాన్ని రప్పించేవాణ్ణి. గుంటూరు నుంచి వచ్చిన గీత అనే అమ్మాయి ఉద్యోగం మానేసి, ఆ పక్కనే ఎన్నూరులో ఉండే తెలుగు జాలర్లతో ఒక మూకీ తీసింది. అందులో మాటల్లేవు, తెరమీద ఒక్క అక్షరం లేదు. థియేటర్ వాళ్లు ఒకే ఒక ఆదివారం మ్యాట్నీ ఇచ్చారు. సగం సీట్లు నిండితే వారం ఆడిస్తామన్నారు. లేకపోతే అంతే సంగతులు.

ఆ పేటలో ఇంటింటికీ ఉచితంగా వేసే వారపత్రిక ఉంది, అందులో ఒక పేజీ తెలుగు. దానికి ప్రెస్ నోట్ ఇచ్చాను. అంటే మేం రాసిస్తే పత్రిక తన వార్తగా వేసుకునే కాగితం. నేను పుట్టి పెరిగింది మద్రాసులోనే, బుర్రలో ముందు అరవం వస్తుంది, ఆ తర్వాతే తెలుగు. అరవంలో మూకీని ‘ఊమైపడం’ అంటారు, ఊమై అంటే మూగ, పడం అంటే సినిమా. హడావుడిలో దాన్నే ‘మూగవాళ్ల సినిమా’ అని రాసిపారేశాను. అదే హెడ్డింగయి కూర్చుంది.

గీత ఫోన్లో నన్ను కడిగేసింది. “మూగవాళ్ల సినిమా ఏంటండీ? నా సినిమాలో మూగవాళ్లెవరూ లేరు కదా. ఇప్పుడెవరొస్తారు?”

“వచ్చేవాళ్లు వస్తార్లేమ్మా,” అన్నాను. లోపల మాత్రం సిగ్గుతో చచ్చిపోయాను.

నిజంగానే వచ్చారు. తమకోసమే తీసిన సినిమా అనుకుని, చెవులు వినపడక మాట రానివాళ్లు ఇంటిల్లిపాదితో వచ్చారు. హాలు నిండిపోయింది. తెర వెలుగులో ఎటు చూసినా చేతులు మాట్లాడుకుంటున్నాయి. నా జన్మలో అలాంటి హాలు చూడలేదు.

పడవ మునిగే సీన్లో అందరూ పకపకా నవ్వారు. పక్కసీట్లో ఉన్న లక్ష్మి అనే టైలరమ్మను ఎందుకని సైగ చేసి అడిగితే ఫోన్లో టైపు చేసింది: “ఆ పడవాయన బిరియానీ ఎప్పుడొస్తాదని అడగతా ఉండాడు.”

గీత తల పట్టుకుంది. శబ్దం రికార్డు చేయం కదా అని, నోటికొచ్చింది అనమని నటులకు తనే చెప్పిందట. వీళ్లు పెదాలు చదివేస్తున్నారు.

చివర్లో ఒక ముసలామె సముద్రం వైపు చూస్తూ పెదాలు కదుపుతుంది. ఆమె నటి కాదు, చేపలమ్మే మునెమ్మ. ఆ సీన్ రాగానే హాల్లో చేతులన్నీ ఆగిపోయాయి. లక్ష్మి ఏడుస్తూ టైపు చేసింది: “ఒరే శీనా, ఆడ చలేస్తా ఉంటాదిరా. దుప్పటి ఎత్తకొచ్చినా. గట్టుకు రారా.”

షూటింగ్‌లో అలల హోరుకు ఆ మాటలు ఎవరికీ వినపడలేదు. ఆమెకో కొడుకుండేవాడనీ, సముద్రంలో పోయాడనీ మాకు తెలియనే తెలియదు.

థియేటర్ మేనేజర్ వచ్చి, వారం ఖాయమన్నాడు. మునెమ్మ సంగతి పేపర్లో పడితే నెల ఆడుతుందని నా పీఆర్వో బుద్ధి గంతేసింది. “ముందు ఆమెనడగాలండీ,” అంది గీత.

ఎన్నూరు వెళ్లాం. హాల్లో జరిగిందంతా మునెమ్మకు చెప్పాం. “ఎవురికీ వినపడదంటేనే కదమ్మా చెప్పుకున్నా.”

“ఆ సీన్ తీసేస్తానమ్మా,” అంది గీత.

“వొద్దులే. వాళ్లకి తెలిసింది గదా, ఉండనీ. పేపర్లో మాత్రం ఎయ్యొద్దు నాయనా.”

ఆ వారం నేను ఏ పత్రికకూ ప్రెస్ నోట్ పంపలేదు. జనానికి చెప్పడమే నా పని అనుకుంటూ ఇన్నేళ్లు బతికినవాణ్ణి, ఎవరి సంగతి చెబుతున్నానో వాళ్లనడగడం ఆ పనిలో మొదటిదని అప్పుడు తెలుసుకున్నాను. ఇది రాసేముందు కూడా ఎన్నూరు వెళ్లి మునెమ్మను అడిగాను. “పేర్లు మార్చి రాసుకో,” అంది. మార్చాను.