నలభై గోడలు, ఒక కిటికీ

కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినవాళ్ళ గురించి వినే ఉంటారు. నేను సెల్‌ఫోన్ పట్టుకుని ఈదాను. మునగడమే కాదు, ఒడ్డున నిలబడి చూస్తున్న పెద్దావిడని కూడా దాదాపు ముంచేశాను. అదీ ఆవిడకి థ్యాంక్స్ చెప్పబోయి.

నేను కౌన్సెలర్‌ని. మనసు బాగోలేనివాళ్ళు వచ్చి చెప్పుకుంటే వినడం నా పని. నాకేమో ముక్కు మీద కోపం. నవ్వకండి, చెరువులో చేపకి దాహం వెయ్యదా ఏంటి? కొత్తలో ఒక క్లయింట్ తండ్రి మీద అరిచేశాను. మా కౌన్సెలర్ల బృందంలో సగం మంది నన్ను పంపించెయ్యమన్నారు. అప్పుడు వసుంధర మేడమ్ ఒక్కరే, "వీడు నా దగ్గర కూర్చుంటాడు, నేను నేర్పుతాను" అన్నారు.

ఆ బృందాన్ని ఆరేళ్ళు పైసా తీసుకోకుండా నడిపారావిడ. ఫిల్మ్‌నగర్‌లో సినిమా డ్రెస్సులు కుట్టే టైలర్ షాపు పైన చిన్న హాలు. కింద కుట్టుమిషన్ల చప్పుడు, పైన శనివారం శనివారం మా కబుర్లు, ఫ్లాస్కులో మేడమ్ తెచ్చే అల్లం టీ. ఇప్పుడక్కడ డాన్స్ క్లాసు నడుస్తోందట. ఆ వీధిలోకి వెళ్తే నాకు మాత్రం ఇంకా అల్లం వాసనే వస్తుంది.

మేడమ్ నేర్పిన మొదటి పాఠం: "క్లయింట్ బయట కనిపిస్తే గోడ అయిపో. వాళ్ళు పలకరిస్తే పలకరించు. లేదంటే నువ్వు గోడవి." గోడలకి చెవులుంటాయంటారు కదా. మా గోడలకి చెవులే ఉంటాయి, నోరుండదు.

నాలుగేళ్ళ కిందట మేడమ్ భర్తకి కాకినాడ బదిలీ అయింది. వీడ్కోలు సభ బాధ్యత నేను లాక్కున్నాను.

"సింపుల్‌గా చేద్దాం కిరణ్. కేకు, నాలుగు మంచి మాటలు, చాలు" అంది మా బృందంలోని శైలజ.

"సింపులా? ఫిల్మ్‌నగర్‌ల కుక్కపిల్ల బర్త్‌డే గూడ సింపుల్‌గ చెయ్యరు! సినిమావాళ్ళని దింపుతా, చూస్కో!"

మా మేనమామ మేకప్‌మ్యాన్. ఆయన మేకప్ వేసే పెద్ద విలన్ ఒకాయన ఉన్నాడు. తెర మీద ఆయన కనుబొమ్మ ఎత్తితే నలుగురు చస్తారు. మామని అడగమన్నాను. సాయంత్రానికే ఫోన్.

"అరే అల్లుడా, కమాల్ అయిందిరా! మీ మేడమ్ పేరు చెప్పంగనే ఒప్పుకుండు. షూటింగ్ గూడ ఆపుకొని వస్తడంట!"

బుర్ర ఉన్నవాడెవడైనా అక్కడే ఆగి, "ఆ పేరు ఆయనకెలా తెలుసు?" అనుకుంటాడు. నేను స్టేటస్ పెట్టుకున్నాను.

ఆదివారం హాలు నిండింది. నలభై మంది కౌన్సెలర్లు. నా ఫోన్‌లో లైవ్ మొదలెట్టాను. విలన్ గారు తెల్ల లాల్చీలో, శాలువా మడిచి పట్టుకుని, స్కూల్లో చేరడానికొచ్చిన పిల్లాడిలా మెట్లెక్కి వచ్చారు. మేడమ్ ఆయన్ని చూశారు. ఒక్క క్షణం. అంతే, గోడ.

"నమస్కారమండీ" అన్నారాయన, నేల చూస్తూ.

"నమస్కారం" అన్నారు మేడమ్, కిటికీ చూస్తూ.

నాకు మండిపోయింది. ఇంత పెద్ద మనిషిని తెస్తే ఇదా స్వాగతం? మైకు లాక్కున్నాను.

"మేడమ్, ఈ సార్ ఎవరో తెల్వదా మీకు?"

"సినిమాల్లో చూశానండీ."

"గంతేనా? మీ పేరు వినంగనే షూటింగ్ ఆపుకొని వచ్చిండ్రు! సార్, మీరు చెప్పుండ్రి, మేడమ్ మీకెట్ల తెలుసు?"

హాలంతా చూపులు తిప్పుకుంది. ఒకాయన ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు. ఒకావిడ సమోసాని భూతద్దంలో చూసినట్టు చూస్తోంది. నలభై మందికీ అర్థమైపోయింది, నాకు తప్ప. నలభై గోడల మధ్య నేనొక్కడినే బార్లా తెరిచిన కిటికీని.

"ఏందిది? చప్పట్లు గూడ కొట్టరా?"

శైలజ నా కాలు తొక్కింది. మేడమ్ మెల్లగా, "ఆ ఫోన్ కాస్త పక్కన పెట్టు నాన్నా" అన్నారు.

"లైవ్ మేడమ్! జనం చూస్తుండ్రు!"

"తెలుసు. అందుకే చెప్తున్నాను."

అప్పుడు, చూడండి, అప్పుడు వెలిగింది నాకు. వెలిగాక కంగారులో ఆపాల్సింది ఆపకుండా కెమెరా నా మొహం వైపు తిప్పుకున్నాను. లైవ్‌లో నా ముక్కుపుటాలు కనబడ్డాయట.

"ఫోన్ ఆపు బాబూ" అన్నారు విలన్ గారు. తెర మీద మనుషుల్ని లేపెయ్యమనే గొంతు అది. స్విచ్చాఫే చేసేశాను.

ఆయన మేడమ్ వైపు తిరిగారు. "మీరు దాచారు, అది మీ ధర్మం. చెప్పుకోవడం నా ఇష్టం కదండీ?"

మేడమ్ తలూపారు. ఆయన రెండు నిమిషాలు మాట్లాడి, శాలువా కప్పి, కాళ్ళకి దణ్ణం పెట్టారు. ఏం మాట్లాడారో నేను చెప్పను. వానాకాలంలోలా ఆ నలభై గోడలూ చెమ్మగిల్లాయని మాత్రం చెప్తాను.

అందరూ సమోసాల మీద పడ్డాక నేను మెట్ల దగ్గర నిలబడి నిజం గోడనే చూస్తున్నాను. మేడమ్ రావడం తెలిసీ తల తిప్పలేదు.

"ఒరేయ్, నువ్వు నా క్లయింట్‌వి కాదు. పలకరించొచ్చు."

రెండు పేజీల ఉపన్యాసం రాసుకున్నాను. అది ఫోన్‌లో ఉంది. ఫోన్ చచ్చి ఉంది. నోరు పెగిలి వచ్చింది ఒక్కటే.

"థ్యాంక్స్ మేడమ్."

ఆవిడ నా చేతిలో టీ కప్పు పెట్టి, "ఈ ఒక్క ముక్కకా నాన్నా, ఇంత సినిమా తీశావు?" అన్నారు.

కాబట్టి ఆ అల్లం టీ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: నా పెళ్ళిచూపుల్లో అమ్మాయి మా అమ్మని ముందే తెలిసినట్టు కౌగిలించుకున్నా సరే, "మీకెట్ల పరిచయం?" అని అడగను. ఇంతకీ ఆ విలన్ ఎవరని ఫోన్‌లో వెతుకుతున్నారా? ఆపండి. ఆయన విలన్ కాదు. మామ మేకప్‌మ్యానూ కాదు. అన్నీ మార్చేశాను.

ఆలస్యంగానైనా, గోడనయ్యాను.