సూదిపిట్ట లేదని రాసినవాడు

గడియారాలు బాగుచేసినన్నాళ్లూ ఆయన కంటికన్నా చెవినే ఎక్కువ నమ్ముకున్నాడు. వాచీని చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంటే లోపల ఏ చక్రానికి పన్ను అరిగిందో చెప్పేవాడు. టైము చూసుకోవడానికి అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక కొట్టు మూతపడింది. భూతద్దం, సన్న పట్టకార్లు రేకుడబ్బాలోకి వెళ్లిపోయాయి. చెవులే ఖాళీగా ఉండలేకపోయాయి.

అప్పుడు దొరికింది పిట్టల పని. ఊరి చివర చిత్తడినేల పొడవునా పన్నెండు స్తంభాలకు పన్నెండు పెట్టెలు కట్టారు. రోజూ పొద్దున్నే ఒక్కో పెట్టె ఒక్కో నిమిషం శబ్దాన్ని పట్టి పంపుతుంది. ఒకరి ముఖం ఒకరికి తెలియని నలభైమంది ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని ఆ నిమిషాలు విని, ఏ పిట్ట కూసిందో కంప్యూటర్లో రాస్తారు. మొదట విన్నవాళ్లు రాసింది రెండోవాళ్లకు కనబడుతుంది. వాళ్లూ విని సరేనంటే ఆ నిమిషానికి ముద్ర పడ్డట్టే. జీతం లేదు, బత్తెం లేదు.

మొదటి ఏడాదే ఆయన రెల్లులోంచి ఒక కూత పట్టాడు. బట్టలోంచి సూది లాగినట్టు సన్నగా పైకి పోయి టక్కున తెగేది. అందరూ కీచురాయి అనుకుని వదిలేసిందే. "కీచురాయి ఊపిరి తీసుకోదు. ఇది తీసుకుంటోంది" అని రాశాడాయన. కెమెరాలున్నవాళ్లు వారం రోజులు బురదలో కాపు కాసి ఫొటో తెచ్చారు. బొటనవేలంత పిట్ట. పుస్తకాల్లో దానికి నోరు తిరగని పేరేదో ఉంది గానీ మన మాటలో లేదు. మీరే పెట్టండన్నారు. సూదిపిట్ట అని పెట్టాడు. వాళ్లు తిరిగి ఆయనకు పాముచెవుల మాష్టారని పెట్టారు. పిల్లలు లేని ఆ ఇంట్లో పేరు పెట్టే అవకాశం ఆ ఒక్కసారే వచ్చింది.

చిత్తడినేలలో తూర్పు ముక్క మీద నగర కార్యాలయానికి ఎప్పటినుంచో కన్ను. మట్టి పోసి చదును చేస్తే బస్సులు నిలుపుకోవచ్చు. సూదిపిట్ట గూడు కట్టేది కూడా ఆ ముక్కలోనే. ఏటా బృందం ఆ కార్యాలయానికి ఇచ్చే జాబితాలో దాని పేరు కనబడగానే మట్టి పోసే దస్త్రం మూలకు వెళ్లేది.

నాలుగో ఏడు జాబితాలో ఆ పేరు లేదు. కూతలు పెట్టే కాలమంతా తూర్పు పెట్టెల నిమిషాలన్నీ మొదట విన్నది ఆయనే. అన్నిటికీ "లేదు" అనే రాశాడు. పిట్ట పోయిందని ఆయనకు రెండు రోజులు తిండి సహించలేదు.

"పిట్ట పోతేనే ఇంత దిగులా? నేను పోతే ఎంత ఏడుస్తారో చూడాలనుంది" అంది భార్య.

"చూడ్డానికి నువ్వుండవుగా."

"అదొక్కటే మీ అదృష్టం."

ఆవిడకు ఆయన మీద ఇంకో ఫిర్యాదూ ఉండేది. బట్టల మిషను పని అయిపోయిందని కీకీమంటున్నా ఆయన లేచేవాడు కాదు. "నా మాట ఎలాగూ వినరు. మిషను మాట కూడా వినరా?" అనేది. మిషను అరవలేదే అనేవాడు. ఆవిడ దెప్పుళ్లలో అదొకటి అనుకున్నాడు గానీ, ఆగి ఆలోచించలేదు.

మట్టి పోయడానికి అనుమతి వచ్చింది. మళ్లీ కూతలు పెట్టే కాలమూ వచ్చింది. ఒక మధ్యాహ్నం, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్ల స్పాంజి చిరిగిపోతే భార్య పాత చీరముక్కతో తొడుగు కుట్టి, సరిపోయిందో లేదోనని తన తలకు తగిలించుకుంది. ఆ పొద్దుటి నిమిషమొకటి అందులో నడుస్తోంది. ఆయన దానికి అప్పటికే "లేదు" రాసి ఉన్నాడు.

"ఇదేమిటండీ, తడి గాజు మీద వేలు రాసినట్టు? అదిగో, ఆగింది. మళ్లీ!"

ఆయన హెడ్‌ఫోన్లు లాక్కుని పెట్టుకున్నాడు. గాలి. రెల్లు గరగర. దూరంగా ఒక బాతు. అంతే.

తాను మొట్టమొదట పట్టిన నిమిషాన్ని, నాలుగేళ్లనాటిదాన్ని, వెతికి పెట్టాడు. అందులోనూ గాలే. హెడ్‌ఫోన్లు మళ్లీ భార్య తలకు పెట్టి, "అది కూసినప్పుడల్లా వేలెత్తు" అన్నాడు. ఆవిడ వేలు నిమిషంలో పదకొండుసార్లు లేచింది. ఆనాడు ఆయన లెక్కపెట్టిందీ పదకొండే.

పోయింది పిట్ట కాదు.

ఆ సాయంత్రమే ఆ మాట బృందంతో చెప్పి ఉండాల్సింది. చెప్పలేకపోయాడు. చెవిలో గుబిలి ఏదైనా అడ్డం పడిందేమో, తీయిస్తే సరిపోతుందేమో అనుకున్నాడు. చెవి డాక్టరు దగ్గర ఐదో రోజుకు గానీ వంతు దొరకలేదు. "గుబిలేమీ లేదండీ. సన్నటి శబ్దాలే ముందు పోతాయి. వయసు" అన్నాడు డాక్టరు. ఆరో రోజు తూర్పు ముక్కలోకి మట్టి లారీలు దిగాయి. పాముచెవుల మాష్టారనిపించుకున్నవాడు చెవిటివాడినని ఎలా రాసుకోవాలో తెలియక ఇంకో మూడు రోజులు గడిపాడు.

తొమ్మిదో రోజు ఫోను చేశాడు. ముందు, తన నిమిషాలన్నీ రెండోసారి విని సరేనన్న పోస్టాఫీసు గుమాస్తాకి.

"నాకు వినబడింది మాష్టారూ" అన్నాడతను గొంతు తగ్గించి. "ఒకటి కాదు, చాలాసార్లు."

"మరి రాయలేదేం?"

"మీరు లేదని రాసున్నారుగా. కీచురాయి అనుకున్నా. పేరు పెట్టినవాళ్లే లేదంటే ఉందనడానికి నేనెవర్నండీ?"

ఆ తరవాత బృందాన్ని నడిపే లెక్చరరమ్మకి చేశాడు. ఆవిడ అంతా వింది. కాగితాలు తిరగేస్తున్న చప్పుడైంది.

"బాబాయ్ గారూ, ఈ సంగతి మీకు ఎప్పుడు తెలిసింది?"

నిన్ననే అనొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"తొమ్మిది రోజులైందమ్మా."

"లారీలు దిగకముందే."

"అవును."

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది.

బృందమంతా కూర్చుని, ఎవరు ఏం రాశారో కనబడకుండా మూసేసి, ఆయన లేదన్న నిమిషాలన్నీ, ఆ తొమ్మిది రోజులవాటితో సహా, మళ్లీ విన్నారు. రెండేళ్లవీ కలిపి తొంభైఆరింటిలో సూదిపిట్ట ఉంది. చిట్టచివరిది, ఆయన చెవి డాక్టరు గది బయట బల్ల మీద కూర్చుని వంతు కోసం చూసిన రోజు పొద్దుటిది. లెక్చరరమ్మ ఆ తొంభైఆరూ పట్టుకుని నగర కార్యాలయానికి వెళ్లింది. పని మొదలుకాకముందు వచ్చుంటే ఆపేవాళ్లం, ఇప్పుడు ముక్కాలు వంతు పూడ్చేశాం, ఆపి ఏం లాభమమ్మా అన్నారట.

బృందంలో ఆయన్ని ఎవరూ పొమ్మనలేదు. పాముచెవులని పిలవడం మాత్రం, ఎవరూ చెప్పుకోకుండానే, అందరూ మానేశారు.

తూర్పున ఇంకా నాలుగు స్తంభాలు నిలబడి ఉన్నాయి. మట్టి వాటి మోకాళ్లదాకా వచ్చింది. ఆ నాలుగు పెట్టెలూ వినేది ఇప్పుడు భార్య. వంటపని ముగించి చేతులు తుడుచుకుని, చీరముక్క తొడుగు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటుంది. ఆయన పక్కన కుర్చీలో కూర్చుని ఆవిడ చూపుడువేలు వంకే చూస్తాడు. అది బల్ల మీద కదలకుండా ఉంటుంది. నిమిషం అయిపోతుంది.

"మళ్లీ ఒకసారి విను."

"నాలుగుసార్లు విన్నానండీ."

"లారీ చప్పుడు కింద ఏమైనా..."

"లారీ చప్పుడు కింద లారీ చప్పుడే ఉంది."

విన్నవారు అన్న చోట ఆయన భార్య పేరు రాస్తాడు. సూదిపిట్ట అన్న గడిలో "లేదు" అని కొడతాడు. నిరుడూ ఆ మాటే కొట్టాడు. ఇప్పుడది నిజం.