సుద్దతో రాసిన మాస్టర్

మా బాబాయి ఇరవై మూడేళ్లు ఒకే షాపులో గుండీలు కుట్టాడు. గుండీలు, కాజాలు, అంచు మడతలు. కత్తెర మాత్రం ముట్టుకోలేదు. పెద్ద టైలరింగ్ షాపుల్లో లెక్క అలాగే ఉంటుంది. గుడ్డ కత్తిరించేవాడు ఒక్కడే, అతన్నే మాస్టర్ అంటారు. కుట్టేవాళ్లు ఎంతమందైనా ఉండొచ్చు, వాళ్లని పేరు పెట్టి పిలిచే తీరిక ఎవరికీ ఉండదు. మా బాబాయికి మాత్రం ఒకటి తగిలించారు. గుండీలు. "ఏరా గుండీలూ" అని మొదట మాస్టరు పిలిచాడు, తర్వాత మిషన్ల మీద వాళ్లు, తర్వాత వీధి వీధంతా. కోపమొస్తే పిన్ని కూడా అలాగే పిలిచేది. ఆవిడకి కోపం రాని రోజు నాకు గుర్తులేదు.

ఇంట్లో మాత్రం బాబాయి కత్తెర పట్టేవాడు. సెలవు రోజున నేల మీద పాత పేపర్లు పరిచి, షాపులో ఓరకంట చూసి నేర్చుకున్నదంతా వాటి మీద గీసేవాడు. పాత దుప్పటి ముక్క అడిగినా పిన్ని ఇచ్చేది కాదు, అందుకని పేపర్లు. వీపు, ముందు భాగాలు, చేతులు, కాలరు. కత్తిరించి, జిగురుతో అతికించి, గోడకి తగిలించేవాడు. నా చిన్నప్పుడు ఆ గోడ నిండా వార్తల చొక్కాలే. ఒకసారి ఒకటి తొడుక్కుని అద్దంలో చూసుకుంటుంటే పిన్ని చూసింది.

"బాగుంది. వానొస్తే విప్పే శ్రమ కూడా ఉండదు."

ఆ మాట షాపు దాకా పాకింది. చాలా రోజులు నవ్వుకున్నారట.

యాభై దాటాక సొంత షాపు పెడతానన్నాడు. రెండు వీధుల అవతల, మెట్ల కింద గది. మిషను, బల్ల, స్టూలు పెట్టేసరికి మనిషి పక్కకి తిరిగి నడవాల్సి వచ్చింది. బోర్డు పని నాకిచ్చాడు. నేను కాలేజీ మధ్యలో మానేసి బోర్డులు రాసుకుంటున్నాను. మా వాళ్ల లెక్కలో మేమిద్దరం ఒకే బాపతు.

"పేరేంటి బాబాయ్?"

"మాస్టర్ టైలర్స్" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మాస్టర్ అన్నది కొంచెం పెద్దగా రాయి" అన్నాడు.

పిన్ని వంటగదిలోంచే అందుకుంది. "మీరు మాస్టరైతే నేను మహారాణిని. అందరికీ తెలిసిన పేరు ఉండనే ఉంది, అదే పెట్టుకోండి."

"ఆ పేరు వద్దు."

"ఏం? ఇరవై మూడేళ్లు పలికారుగా!"

"పలికాను. అందుకే వద్దు."

ఆయన పిన్నికి ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. ఆయనకి కావలసింది షాపు కాదు, ఆ మాట. నాకది అప్పుడే అర్థమైంది. అర్థమై కూడా ఊరుకోలేదు. మర్నాడు పాత షాపు బోర్డుకి రంగు దిద్దుతూ నిచ్చెన మీంచి అక్కడి మాస్టరుతో వాగాను.

"మీ గుండీలు కూడా మాస్టరైపోయాడండీ."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "ఎప్పుడు తెరుస్తున్నాడు?" అని మాత్రం అడిగాడు. చెప్పాను.

బోర్డు రాయడంలో నాదొక పద్ధతి. ముందు సుద్దతో గీస్తాను. రాయించుకునేవాడు రోడ్డు దాటి, అవతలి ఫుట్‌పాత్ మీద నిలబడి, నాకు వినపడేలా పైకి చదవాలి. చదివి ఖాయం అంటేనే రంగు డబ్బా తెరుస్తాను. ఆ తర్వాత ఏ మార్పూ నాకు చెప్పొద్దు.

ఆ ఉదయం మాస్టర్ అన్న మాట మూరెడు ఎత్తున గీశాను. బాబాయి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మెడలో టేపు వేసుకుని రోడ్డు దాటాడు. అవతల పాత షాపు మాస్టరు నిలబడి ఉన్నాడు, చంకలో గుడ్డ పెట్టుకుని. బాబాయి నోరు తెరిచేలోపు ఆయనే చదివాడు, వీధంతా వినపడేలా.

"మాస్టర్ టైలర్స్. భేష్! నాకో చొక్కా కావాలి. కొలతలు తీసుకోండి మాస్టరుగారూ."

'మీరు' అన్నాడు. ఇరవై మూడేళ్లలో ఒక్కనాడూ అనలేదు. బాబాయి మొహం వెలిగిపోయింది. అంత గౌరవం ఎందుకిస్తున్నాడో ఆలోచించే తెలివి ఆయనకి ఎప్పుడూ లేదు.

"ఇప్పుడే, నా కళ్లముందే కత్తిరించండి. చూసి తరిస్తాను" అంటూ మాస్టరు స్టూలు గుమ్మంలోకి లాక్కుని కూర్చున్నాడు. చుట్టుపక్కల కొట్ల వాళ్లు పదిమంది పోగయ్యారు. పిన్ని చేతులు కట్టుకుని మెట్ల మీద నిలబడింది.

కొలతలు సరిగ్గానే తీశాడు. వీపు భాగం గీసి కత్తిరించాడు, కత్తెర ఒక్కచోట ఆగలేదు. మాస్టరు కూర్చున్నవాడు కాస్త ముందుకి వంగాడు. తర్వాత చేతులు, కాలరు. పిన్ని కట్టుకున్న చేతులు వదిలేసి ఒక మెట్టు కిందికి దిగింది. ఆ తర్వాత ముందు భాగం. ఎడమది కత్తిరించాడు. దాన్నే అచ్చుగా మిగతా గుడ్డ మీద పెట్టి, చుట్టూ సుద్ద గీసి, రెండోది కత్తిరించాడు. పేపరు మీద ఎప్పుడూ చేసినట్టే.

పేపరుకి రెండు వైపులూ ఒకటే, తిప్పి అతికిస్తే ఎడమది కుడిదైపోతుంది. ఈ గుడ్డకి ఒకవైపు నీలం చారలు, రెండోవైపు వెలిసిపోయినట్టు తెలుపు. వార్తల చొక్కాల సంగతి తెలిసినవాడే ఏరి తెచ్చాడు దాన్ని.

మాస్టరు లేచి, ఆ రెండు ముక్కలూ తన గుండెల మీద పక్కపక్కన పెట్టుకుని జనం వైపు తిరిగాడు. చారలు కనపడేలా పెడితే రెండూ ఎడమ పక్కవే. రెండోది తిప్పితే చారలు లోపలికి, తెలుపు బయటికి.

"రెండూ కాజాల పక్కే కత్తిరించావు కదరా" అన్నాడు మెల్లగా. "మరి గుండీలు ఎక్కడ కుడతావు? నీకు వచ్చిందే అదొక్కటి!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నిచ్చెన ఊగితే గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

"గుడ్డ నేను తెస్తాను మాస్టరుగారూ. మళ్లీ కత్తిరిస్తాను, సాయంత్రానికల్లా..."

"ఎందుకులేరా. చొక్కాలు నాకున్నాయి." ముక్కలు బల్ల మీద పడేసి నా వైపు తలెత్తాడు. "ఒరేయ్ పెయింటరూ, అందరికీ తెలిసిన పేరు రాయి. వెతుక్కుంటూ వచ్చేవాళ్లకి తేలిగ్గా ఉంటుంది."

చెప్పి వెళ్లిపోలేదు. రోడ్డు దాటి అవతల నిలబడ్డాడు.

నేను బాబాయి వైపు చూశాను. బాబాయి పిన్ని వైపు చూశాడు. ఆవిడ కళ్లు బల్ల మీది వీపు ముక్క మీదే ఉన్నాయి. అది బాగా కుదిరిందని ఆవిడకీ తెలుసు.

"తుడిచెయ్యరా" అంది. "ఇంకెంతసేపు చూస్తారు జనం."

తడిగుడ్డతో రెండు తుడుపులు. ఎంత పెద్దగా గీసినా సుద్ద సుద్దే. దాని చోట 'గుండీలు టైలర్స్' అని గీశాను.

"వెళ్లి చదువు బాబాయ్."

"నువ్వు రాసెయ్‌రా. బాగానే ఉంటుంది."

"పద్ధతి పద్ధతే."

వెళ్లాడు. మెడలో టేపు అలాగే ఉంది. మాస్టరు పక్కకి జరిగి చోటిచ్చాడు. బాబాయి బోర్డు వైపు చూసి లోగొంతుతో చదివాడు.

"వినపడలేదు బాబాయ్!"

నిజానికి వినపడింది.

మళ్లీ చదివాడు, ఈసారి గట్టిగా, రెండు మాటలూ. చివర ఖాయం అన్నాడు. నేను రంగు డబ్బా మూత తీశాను.