చిటికెన వేలికి చుట్టిన దారం

నరసాపురం దగ్గర మా ఊళ్ళో ఆడవాళ్ళం చాలామందిమి లేసు అల్లుతాం. ఎడమ చిటికెన వేలికి దారం ఒక చుట్టు వేసుకుని, ఆ బిగువును బట్టి కుడిచేత్తో సూది నడపాలి. స్కూటీ మీంచి పడి నా ఎడమ మోచెయ్యి విరిగినప్పుడు వేళ్ళకేమీ కాలేదు. పిండికట్టు విప్పాక మాత్రం చెయ్యి పూర్తిగా వంగలేదు. అత్తయ్యగారు రోజూ నువ్వుల నూనె వెచ్చచేసి, నేను కెవ్వుమన్నా వదలకుండా మర్దనా చేశారు. దాంతో చెయ్యి మరీ కొయ్యబారి, జడ వేసుకోవడానికి కూడా పైకి రాకుండా పోయింది.

రాజమండ్రిలో డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, "ఎవరండీ మర్దనా చేసింది? అందుకే ఇలా బిగిసింది" అన్నారు. అత్తయ్యగారు నా పక్కనే ఉన్నారు. "ఊళ్ళో ఎవరో అండి" అన్నాను. ఆ రోజు నుంచి ఆవిడ నా చెయ్యి ముట్టుకోలేదు.

చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూస్తూ లోపల బిగిసిన పొర తీసేస్తామన్నారు. "చిటికెన వేలికి పోయే నరం అక్కడే ఉంటుందమ్మా. జాగ్రత్తగానే చేస్తాం. ఏమీ కాదని మాత్రం రాసివ్వలేను" అన్నారు. జడ ఎవరైనా వేస్తారు, నా లేసు ఎవరు అల్లుతారు? అయినా సంతకం పెట్టాను.

ఆపరేషన్ అయ్యి కళ్ళు తెరిచేసరికి ఎడమ చెయ్యి నాది కానట్టు పడి ఉంది. "మత్తండీ, సాయంత్రానికి దిగిపోతుంది" అంది నర్సు. సాయంత్రం టీ వచ్చింది. బొటనవేలు జివ్వుమంది, చూపుడువేలూ కదిలింది. చిటికెన వేలు మాత్రం ఉలకలేదు. నర్సును పదిసార్లు పిలిచి విసిగించాను. ఏమీ కాదని రాసివ్వలేనన్న డాక్టరుగారి మీద కూడా మండిపడ్డాను. నిజానికి అదంతా భయమే.

"సంచీలో దారపు ఉండ ఉంది, నా వేలికి చుట్టండి" అన్నాను అత్తయ్యగారితో.

ఆవిడ వెనక్కి జరిగారు. "నేను ముట్టుకోనమ్మా. ముట్టుకునే కదా ఇంత చేశాను."

"మీరే చుట్టాలండి" అని కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

సంచీ తెరిచిన చప్పుడైంది, ఆ తర్వాత ఏమీ తెలియలేదు. "చుట్టారా?"

"చుట్టానమ్మా. కొస పట్టుకునే ఉన్నాను. తెలుస్తోందా?"

తెలియడం లేదు. ఏడుపు తన్నుకొచ్చింది. అయినా కళ్ళు తెరవలేదు. అంతలో చిటికెన వేలి దగ్గర ఏదో సన్నగా అదిరింది. ఆగింది. మళ్ళీ అదిరింది.

"అత్తయ్యగారూ, మీ చెయ్యి అలా వణుకుతోందేంటండీ?" అన్నాను.