బస్సెక్కలేని హర్కారా

1949లో నేను సూర్యాపేట టపాఖానాలో మెయిల్ ఓవర్సీర్‌ని. టపాఖానా అంటే పోస్టాఫీసు. నైజాం రోజుల నుంచి మా వైపు అందరూ అలాగే అనేవారు. ఓవర్సీర్‌ది బల్ల ముందు కూర్చునే పని కాదు. ఉత్తరాల సంచి భుజాన వేసుకుని ఒక ఊరి నుంచి మరో ఊరికి పరుగెత్తే మనిషిని హర్కారా అంటారు. ఆ హర్కారాలు వేళకు కదులుతున్నారా, సంచి మూతి మీది లక్క ముద్రలు చెదరకుండా చేరుతున్నాయా అని సైకిల్ మీద దారి పొడవునా తిరిగి చూసుకోవడం నా ఉద్యోగం. ఆ తర్వాత చాలా ఏళ్లు, చాలా చోట్ల పనిచేశాను. అయినా ఉద్యోగం సంగతులు చెప్పమని ఎవరైనా అడిగితే ఆ ఏడాదే గుర్తొస్తుంది. గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఒళ్లు బరువెక్కుతుంది.

పోలీస్ యాక్షన్ అయి ఏడాది కాలేదు. అంతకుముందు తెగ్గొట్టిన రోడ్లు పూడ్చారు, బస్సులు మళ్లీ తిరుగుతున్నాయి. ఇక మీదట సంచులు బస్సులో పోవాలని పై నుంచి ఆర్డర్ వచ్చింది. కోదాడ లైను ముందే మారింది. మా ఊరు కోదాడే కాబట్టి ఆ మార్పు దగ్గరుండి చూశాను. అక్కడి హర్కారా పడుచువాడు. మొదటి రోజే కిటికీ పక్కన చోటు పట్టుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని, దారంతా కూనిరాగాలు తీస్తూ వెళ్లాడు. మిర్యాలగూడ లైను కూడా అంతే సులువనుకున్నాను.

మిర్యాలగూడ దారిలో ముగ్గురు హర్కారాలు సంచి చేతులు మార్చుకుంటూ పరుగెత్తేవారు. పెన్‌పహాడ్ దాటాక మూసీ దాటించే నడిమి మజిలీ సోమ్లాది. పక్క తండావాడు. నలభై దాటిన మనిషి, పొడుగ్గా, ఎండిన కట్టెలా ఉండేవాడు. గడబిడ రోజుల్లో కమ్యూనిస్టు దళాలవాళ్లు ఆపారు, రజాకార్లు ఆపారు, తర్వాత మిలిటరీవాళ్లూ ఆపారు. ఎవరు ఆపినా సంచి మూతి మాత్రం విప్పనివ్వలేదు. ఒకసారి వీపు మీద వాతలతో వచ్చి, ముద్ర చూసుకోమని సంచి ముందు పెట్టాడు.

ముగ్గురిలో ఇద్దరిని తీసేసి, ఒకరిని బస్సులో సంచికి కాపలాగా ఉంచుకోవాలని ఆర్డర్. సర్వీసు ఎక్కువ ఉన్నవాడికే ఆ చోటు. అది సోమ్లాకు వచ్చింది. మిగిలిన ఇద్దరూ వ్యవసాయంలోకి వెళ్లిపోయారు. ఆ సంగతి చెప్పడానికి వెళ్లినప్పుడు సోమ్లా సంతోషిస్తాడనుకున్నాను.

"బస్సుల కూసుంటే సంచి నేను మోస్తున్నట్టా సారూ, బస్సు మోస్తున్నట్టా?" అన్నాడు.

"మోసేది బస్సే. కాపాడేది నువ్వు. జీతం అదే, కాళ్లకు కాస్త సుఖం" అన్నాను.

అతను తలూపాడు. నేను దాన్ని ఒప్పుకోవడమనుకున్నాను.

మొదటి ప్రయాణంలోనే అతనికి కడుపులో తిప్పింది. ఆ రోజుల బస్సు అంటే పెట్రోలు వాసన, పొగాకు కట్టలు, కోళ్ల గంపలు, దుమ్ము. ఇద్దరు ప్రయాణికుల మీద వాంతి చేసుకున్నాడు. మర్నాడూ అంతే. నిమ్మకాయ ఇచ్చి చూశాను. ఏమీ తినకుండా ఎక్కమన్నాను. డ్రైవర్‌ని బతిమాలి ముందు సీటు ఇప్పించాను. టాపు మీద సామాన్లలో కూర్చోబెడితే కాస్త నయంగా ఉన్నాడు గానీ, బస్సువాళ్లు అది కుదరదన్నారు. చూస్తుండగానే మనిషి సగమయ్యాడు. అంత ఎండలో, అంత నీళ్లలో పరుగెత్తినప్పుడు కూడా అతను ఆయాసపడగా చూడలేదు. ఇప్పుడు బస్సు దిగి గోడ పట్టుకుని నిలబడేవాడు.

ఇటు ఆఫీసులో ఇంకో బాధ. మా పోస్టుమాస్టరు రంగారావుగారు వేళ తప్పని మనిషి. హర్కారా వచ్చే సమయానికి ఉత్తరాలు కట్టలు కట్టి, సంచి మూతి బిగించి, లక్క కరిగించి ముద్ర వేసేవారు. దాన్ని బ్యాగ్ క్లోజింగ్ అంటాం. బస్సుకు వేళ అంటూ ఉండేది కాదు. ఒకనాడు తొందరగా వచ్చి ఆగకుండా పోయేది. ఒకనాడు ఆయన సిద్ధం చేసుకుని కూర్చుంటే మధ్యాహ్నం దాకా వచ్చేదే కాదు. లక్క గట్టిపడిపోయేది. ఆయన మళ్లీ కరిగించేవారు. బ్యాగు తప్పినప్పుడల్లా పైవాళ్లు సంజాయిషీ అడిగేవారు. ఆయన కోపమంతా సోమ్లా మీద చూపించేవారు. వాడు బస్సును ఆపలేడా, డ్రైవర్‌కు చెప్పలేడా అని రోజూ నన్ను పట్టుకునేవారు.

ముందురోజు సాయంత్రమే బ్యాగ్ క్లోజ్ చేసి పెడదామని ఆయనకు ఎన్నిసార్లో చెప్పాను. నిన్న వేసిన ఉత్తరం ఇవాళ కదిలితే ఇక టపాఖానా ఎందుకని ఆయన అడిగేవారు. బస్టాండులో సోమ్లాకు ధైర్యం చెప్పి ఆఫీసుకు వస్తే ఇక్కడ ఈయనకు సర్ది చెప్పాలి. ఈయనకు సర్ది చెప్పి ఇంటికి వెళ్తే నాతో మాట్లాడటానికి ఇంట్లోవాళ్లు భయపడేవారు.

ఆ వేసవి చివర్లో ఒకరోజు మిర్యాలగూడకు బస్సు చేరింది, సంచి చేరలేదు. తాలూకా కచ్చేరీ కాగితాలు అందులోనే ఉన్నాయి. మధ్యాహ్నానికి మాకు కబురు వచ్చింది. సంచి దోచుకున్నారనుకున్నాను. సోమ్లాను ఏం చేశారో తెలియదు. సైకిల్ తీసుకుని హర్కారాల పాత దారిన బయలుదేరాను. పెన్‌పహాడ్ దగ్గర పొలాల్లోని వాళ్లను అడిగితే, సోమ్లా పొద్దునే పరుగున పోయాడని చెప్పారు. మూసీ ఇసుకలో సైకిల్ తోసుకుంటూ దాటి, పొద్దు వాలుతుండగా మిర్యాలగూడ చేరాను. పోస్టాఫీసు అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కాళ్లు బొబ్బలెక్కాయి. సంచి అప్పటికే లోపలికి చేరింది. ముద్ర చెదరలేదు.

అక్కడి పోస్టుమాస్టరు అప్పటికే రిపోర్టు రాస్తున్నారు. సోమ్లాను బయటికి తీసుకెళ్లి, ఎందుకిలా చేశావని అడిగాను.

"పానం పోతదనిపించింది సారూ. జర ఆపమని దిగిన. బస్సు ఆగలే, పోయింది. సంచి నా దగ్గరనే ఉంది. ఇగ ఉరికిన."

ముగ్గురు మనుషులు పంచుకునే దారి దాదాపు అంతా ఒక్కడే పరుగెత్తాడు. అయినా రూలు ప్రకారం అది తప్పే. పంపిన దారి విడిచిపెట్టడం, టపా ఆలస్యం చేయడం, ఈ రెండింటికీ ఉద్యోగం పోతుంది.

మర్నాడు రంగారావుగారి ముందుకు కాగితం వచ్చింది. సోమ్లాను తీసేయడానికి ఆయన సిఫారసు చేస్తే చాలు. ఇన్నాళ్లూ ఆయన కోపమంతా అతని మీదే కదా, ఇక వెంటనే సంతకం పెడతారనుకున్నాను. వాదించే ఓపిక కూడా నాకు లేదు. ఆయన కలం ముంచి, చాలాసేపు అలాగే పట్టుకున్నారు. సిరా కాగితం మీద చుక్కపడింది.

"వానికి బస్సు పడదు. నాకూ పడదు" అన్నారు చివరికి. "వాడు కక్కుకున్నడు, అందరికీ కనబడ్డది. నేను నీ మీద, వాని మీద మొత్తుకున్న. గంతే ఫరక్."

ఆ మాట ఆయన నోట వస్తుందని నేను అనుకోలేదు. ఆయన ఎదుట కూర్చున్నాను. సోమ్లాకు చదువు రాదు, ఊళ్లో ఉత్తరాలు పంచలేడు. బస్టాండు నుంచి సంచి తెచ్చే పని పెడదామంటే దానికి మనిషి ఉన్నాడు. ఒక్కో దారీ మూసుకుపోయింది. అప్పుడు ఆయనే తిరుమలగిరి లైను సంగతి ఎత్తారు. ఆ మెట్ట దారికి ఇంకా బస్సు లేదు. అక్కడ ఒక హర్కారా పని మానేస్తానంటున్నాడు. రిపోర్టుకు జవాబుగా, రోగం వల్ల జరిగిన ఆలస్యమని రాసి, సోమ్లాను ఆ లైనుకు మార్చమని కోరారు. రోగమన్న మాట అబద్ధమేమీ కాదు.

సోమ్లా భార్య మంగ్లీ మాత్రం చాలా ఏడ్చింది. తండా వదిలిపెట్టి, తన వాళ్లెవరూ లేని చోటికి పోవాలి. "ఈ వయసుల మమ్ముల కొత్త జాగల పారేస్తున్నరు" అని నా ముందే అంది. వాళ్లు సామాను నెత్తిన పెట్టుకుని నడిచే వెళ్లారు.

రంగారావుగారు ఆ తర్వాత నుంచి సాయంత్రాలే బ్యాగ్ క్లోజ్ చేయడం మొదలుపెట్టారు. నాతో ఏమీ అనలేదు. ఒకరోజు వెళ్లేసరికి మూతి కట్టిన సంచి బల్ల మీద ఉంది. రిటైరయ్యేదాకా అలాగే చేశారు. బస్సులో సంచి కాపలాకు ఇంకెవరినో పెట్టారు. అతనికి బస్సు పడింది.

కొన్నేళ్లకు తిరుమలగిరికీ బస్సు వేస్తారని తెలిసింది. ఆర్డర్ ఇంకా రాలేదు. ఈసారి నేను ముందే వెళ్లాను. సోమ్లా జుట్టు పూర్తిగా నెరిసింది. ఇక్కడికీ బస్సు వస్తోంది, నిన్ను ఇంకో లైనుకు మార్చమని అడగనా అన్నాను.

"వద్దు సారూ. మల్ల ఆడికీ బస్సొస్తది. తండాకు పోయి మేకలు కాసుకుంట."

"జీతం పోతుంది కదా" అన్నాను.

"పోతది. అప్పుడే నన్ను ఏం చేస్తవని అడిగి ఉంటే గీ మాటనే చెప్పేటోన్ని. మంగ్లీ గూడ ఏడ్వకపోయేది."

తప్పుపట్టినట్టు చెప్పలేదు. ఎండ ఎక్కువగా ఉందన్నట్టు చెప్పాడు. ఆ తర్వాత నా సర్వీసులో ఇంకా చాలా మార్పులు వచ్చాయి, చాలా ఆర్డర్లు మోసుకెళ్లాను. ఏ మార్పునూ నేను ఆపలేకపోయాను. కానీ ఆర్డర్ జేబులోంచి తీసే ముందు ఎదుటి మనిషి పక్కన కూర్చుని, నీకేం కావాలని అడగడం మాత్రం మానలేదు. అడిగినా సగంమందికి నేను చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. ఆ సంగతి నా నోటితోనే చెప్పి లేచి వచ్చేవాణ్ణి.