కంచు కలశాలకు కొత్త కోటు

దీవుల్లోని గరాచర్మ అనే ఊళ్లో నేను సైట్ ఇంజనీరుగా చేరిన కొత్తలో మా కాంట్రాక్టరుగారి దగ్గర ప్రతి సమస్యకూ ఒకటే మందుండేది: "ఒక కోటు రంగు కొట్టేద్దాం." గోడ చెమ్మగిల్లినా, గేటు తుప్పు పట్టినా, కూలీలు అలిగినా అదే మాట.

కోల్‌కతా వేలంలో ఆయన పాత ఫ్రెంచి కలశాల జత కొని, ఓడలో తెప్పించి తన ఇంటి గుమ్మం ముందు పెట్టించారు. పాలరాతి పీఠం, కంచు ఒళ్లు, మేకతలల పిడులు, తరాల నాటి పచ్చని చిలుము. వండూర్‌లో రిసార్టు కట్టించబోయే ఆసామికి పాత వస్తువులంటే ప్రాణమట. ఆయన మెచ్చితే పని మాదే. తీరా ఆయన వచ్చే ముందురోజు చిలుము చూసి కాంట్రాక్టరుగారు కంగారుపడ్డారు. ఉప్పుగాలికి గేట్లకు వేయించినట్టే కలశాలకు ప్రైమరు, బంగారు రంగు, పీఠాలకు తెల్ల ఎనామిల్ వేయించారు.

"సార్, ఆ చిలుమే దాని విలువ" అన్నాను.

"అరే ఇంజనీరూ, తుప్పు చూపించి కాంట్రాక్టు అడుగుతామా?"

ఆసామి వచ్చి కలశాల చుట్టూ తిరిగారు. "వాహ్, సిమెంటు పని బఢియాగా ఉంది భాయ్! మా గేటు దారి పొడుగునా ఇవే కావాలి. ఎవరు చేశారు?"

టీ పట్టుకొచ్చిన కాంట్రాక్టరుగారి భార్య నోరు తెరవబోయింది. ఆయన ఆమె చెయ్యి నొక్కారు.

"మన మేస్త్రీయే సాబ్. వీటిని పోసిన అచ్చు ఇంట్లోనే ఉంది."