చివరి వలయం

ఏ చెక్క చేతికొచ్చినా ఆవిడ ముందు బొటనవేలితో అంచు తడుముతుంది. బెరడు ఉందని తేలాకే భూతద్దం అందుకుంటుంది. హిమానీనదం కిందికి జారి తొక్కేసిన చెట్టు ఏ యేడు చచ్చిందో ఏడాదికొకటిగా పడే వలయాల్లో బెరడు కింది చివరిదే చెబుతుంది. ముప్పై ఏళ్లుగా వలయాలు లెక్కపెట్టి ఆవిడ మెడ ఒక పక్కకు వంగిపోయింది. పరిశోధన సంస్థ ఆఫీసులో ఎదురుగానే "బెరడమ్మ" అంటారు, పలుకుతుంది.

మొన్న, మంచు కరిగి బయటపడ్డ దుంగ నుంచి తాను కోసి, నాలుగు రోజులు వీపున మోసుకొచ్చిన చెక్కబిళ్ల డైరెక్టరు గదిలో గోడకు వేలాడుతూ కనబడింది. నున్నగా చిత్రిక పట్టి, వార్నిష్ పూశారు. "ఎలా ఉందమ్మా? రేపు అతిథులొస్తున్నారని అంచులు శుభ్రం చేయించాను," అన్నాడాయన. "చుట్టూ ఎంత తీయించారు?" "ఎంతమ్మా, వేలెడు. లోపల బోలెడు గీతలున్నాయిగా!" "ఆ వేలెడులో నలభై ఏళ్లున్నాయండీ. మంచు ఎప్పుడొచ్చి పడిందో అందులోనే ఉంది. గోడకి సింగారం కావాలంటే నన్నే వేలాడదీయాల్సింది." ఆయన నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మానుకున్నాడు. మర్నాడు పొద్దున్నే, అతిథులు రాకముందే, ఆవిడ ఆ బిళ్ల కింద ఒక చీటీ అంటించింది: "ఈ చెట్టు ఎప్పుడు చచ్చిందో ఇక తెలియదు. అంచు డైరెక్టరుగారు చెక్కించేశారు." కింద సంతకం చేసి, తేదీ వేసింది.